‘రెండేళ్లలో అలవాటు పడుతుంది’ అని నమ్మి నాటొద్దు: మీ వాతావరణానికి తగిన పండ్ల రకాన్ని ఎంచుకునే పూర్తి పద్ధతి

ఆపిల్ మన దగ్గర కాస్తుందా? అవకాడో పెడితే ఎండకు తట్టుకుంటుందా? అమెరికాలో ఇంటి వెనక మామిడి మొక్క నాటొచ్చా? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు వెతికే పద్ధతి ఒక్కటే. ఆ చెట్టు ఏ సంకేతం అందితే పూస్తుందో తెలుసుకోవాలి. ఆ సంకేతం మీ పొలంలో ఎంత దొరుకుతుందో కొలవాలి. రెండూ కలిసిన రకాన్నే నాటాలి. ఈ వరుస తప్పి ముందు మొక్క కొనేసి తర్వాత వాతావరణం గురించి ఆలోచిస్తేనే నష్టం వస్తుంది.

## 1. ముందు ఒక అపోహ వదిలించుకోండి

‘మొక్క కొత్త చోట రెండేళ్లు కష్టపడి తర్వాత అలవాటు పడుతుంది’ అని నర్సరీల్లో తరచూ చెబుతారు. ఇందులో సగమే నిజం.

నీడలో పెరిగిన మొక్కను నెమ్మదిగా ఎండకు తెస్తే ఆకు మందమవుతుంది, కొత్త వేరు లోతుకు దిగుతుంది. ఇది సర్దుకోవడం. చెట్టుకు అప్పటికే ఉన్న శక్తి హద్దుల్లోనే ఇది జరుగుతుంది. వెయ్యి గంటల చలి కావాల్సిన ఆపిల్ చెట్టు పదేళ్లు పెంచినా వంద గంటలతో సరిపెట్టుకోదు, ఎందుకంటే ఆ అవసరం దాని జన్యువుల్లో రాసి ఉంది.

అంటు మొక్కల విషయంలో ఇది ఇంకా కచ్చితం. అంటులో కాయలిచ్చే పైభాగం తల్లి చెట్టు ముక్కే. బంగినపల్లి అంటు ఎక్కడ నాటినా బంగినపల్లే, జన్యువులు అవే. అరుదుగా ఏదో ఒక కొమ్మలో సహజమైన మార్పు వస్తే రావచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకుని తోట వేయలేం.

జన్యుపరంగా వాతావరణానికి తగ్గట్టు మారడం విత్తనం ద్వారా, తరాల మీద జరుగుతుంది. వందల మొలకల్లో ఆ చోట తట్టుకుని బాగా కాసినదాన్ని ప్రకృతి గానీ మనిషి గానీ ఎంచుకుంటూ పోవాలి. ఫ్లోరిడాలో పీచ్ పండుకు తక్కువ చలి రకాలు అలాగే వచ్చాయి. దక్షిణ చైనా మూలాలున్న, చలి తక్కువ అడిగే పీచ్‌లను మంచి పండ్ల రకాలతో సంకరం చేసి, మొలకలను ఏళ్ల తరబడి వడగట్టారు. అంటే మారింది చెట్టు కాదు, రకం.

## 2. మీ పండు ఏ గడియారం చూస్తుందో గుర్తించండి

పండ్ల చెట్లు ‘ఇప్పుడు పూయాలి’ అని నిర్ణయించుకోవడానికి ఒక్కో జాతి ఒక్కో సంకేతం వాడుకుంటుంది.

చలికాలపు మొత్తం చలి: ఆపిల్, పీచ్, బేరి, ప్లమ్. శరత్కాలంలో మొగ్గ నిద్రలోకి వెళుతుంది. పీచ్‌లో ఈ నిద్రను నడిపేవి డామ్ అని పిలిచే ఆరు జన్యువులు, క్రోమోజోమ్ మీద ఒకదాని పక్కన ఒకటి వరుసగా ఉంటాయి. చలి గంటలు పోగయ్యే కొద్దీ వాటి పని తగ్గుతూ వచ్చి మొగ్గ మేల్కొంటుంది. ఈ వరుసలో కొన్ని జన్యువులు లోపించిన పీచ్ చెట్టు ఒకటి మెక్సికోలో దొరికింది. పగటి పొద్దు తగ్గినా అది పెరుగుదల ఆపదు, నిద్రపోదు. చలి అవసరం జన్యువుల్లో ఉందనడానికి ఇంతకంటే సూటి రుజువు అక్కర్లేదు.

చల్లని రాత్రులు: మామిడి, లిచీ. వీటికి నిద్ర లేదు. ముదిరిన రెమ్మ మీద కొన్ని వారాలు రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే మొగ్గ పూతకు తిరుగుతుంది. లిచీకి ఈ పట్టింపు మామిడికన్నా ఎక్కువ. అందుకే మన మైదానాల్లో చెట్టు పచ్చగా పెరుగుతుంది గానీ సరిగా పూయదు. అదే చింతపల్లి మన్యంలోనో కొడగు కొండల్లోనో అయితే కాపుకొస్తుంది.

నీటి ఎద్దడి: చీనీ (బత్తాయి), నిమ్మ. చలి గానీ, బెట్ట గానీ తగిలి తర్వాత నీరందితే పూత తోసుకొస్తుంది. రాయలసీమ, నల్గొండ రైతులు నీళ్లు ఆపి పెట్టడం ఈ సూత్రం మీదే నడుస్తోంది.

పగటి నిడివి: డ్రాగన్ ఫ్రూట్. పగలు పెద్దదైన నెలల్లో పూస్తుంది. అందుకే అకాల కాపు కోసం రాత్రిపూట బల్బులు వెలిగిస్తారు.

కొత్త రెమ్మ చాలు: జామ. కొత్త చిగురు మీదే పూస్తుంది కాబట్టి కత్తిరింపుతో కాలాన్ని మనమే నిర్ణయించుకోవచ్చు. వాతావరణంతో తలనొప్పి తక్కువగా ఉండాలనుకునేవారికి జామను మించింది లేదు.

## 3. మీ పొలం లెక్క తీయండి

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే. జిల్లా కేంద్రంలో నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత మీ పొలానికి సరిపోదు. కొండ పక్కన పల్లంలో చల్లగాలి నిలుస్తుంది. పట్టణం అంచున రాత్రి రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది.

కావలసినవి:

- గంట గంటకూ ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న డేటా లాగర్ ఒకటి
- దానికి నీడనిచ్చే, గాలాడే తెల్లని పెట్టె లేదా పళ్లేల కవచం
- నేల నుంచి సుమారు 1.5 మీటర్ల ఎత్తులో నిలబెట్టే కర్ర
- నవంబరు 1 నుంచి ఫిబ్రవరి 28 వరకు ఓపిక

లాగర్‌ను గోడకు గానీ రేకుకు గానీ దగ్గరగా పెట్టకండి. నేరుగా ఎండ తగిలితే పగటి అంకెలన్నీ పనికిరావు.

చలి గంటల లెక్క. పాత పద్ధతిలో ఉష్ణోగ్రత 0 నుంచి 7.2 డిగ్రీల మధ్య ఉన్న ప్రతి గంటనూ ఒక చలి గంటగా లెక్కిస్తారు. ఉదాహరణకు మన్యంలో ఒక లోయ అనుకోండి. డిసెంబరు 10 నుంచి జనవరి 31 వరకు 53 రాత్రులు. రాత్రికి సగటున 2 గంటలు 7.2 కన్నా కిందికి దిగితే మొత్తం 106 గంటలు. ‘మా ఊళ్లో 5 డిగ్రీలకు పడిపోతుంది’ అన్న మాట విని ఆపిల్‌కు చాలనుకునేవారు చూడాల్సింది ఇదే. ఒక తెల్లవారుజామున ఎంతకు పడిందన్నది కాదు, ఎన్ని గంటలు అక్కడే నిలిచిందన్నది ముఖ్యం.

పగటి వేడి చెరిపేసే చలి. యూటా పద్ధతి ఈ విషయాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. 2.5 నుంచి 9.1 డిగ్రీల మధ్య గంటకు 1 మార్కు. 9.2 నుంచి 12.4 మధ్య అర మార్కు. 12.5 నుంచి 15.9 వరకు సున్నా. 16 నుంచి 18 వరకు అర మార్కు కోత, 18 దాటితే ఒక మార్కు కోత. రాత్రి ఆరు గంటలు 10 డిగ్రీలు ఉంటే 3 మార్కులు వస్తాయి. పగలు ఎనిమిది గంటలు 18 దాటితే 8 పోతాయి. ఆ రోజు ఖాతా మైనస్ 5. తెలుగు మైదానాల్లో చలికాలం అంతా ఇలాగే సున్నా కిందికి పోతుంది.

వెచ్చని ప్రాంతాలకు ఇంకా నమ్మదగినది డైనమిక్ పద్ధతి. చలికి మొగ్గలో ఒక తాత్కాలిక పదార్థం పోగవుతుందనీ, వేడి దాన్ని చెరిపేయగలదనీ, కానీ ఒక మోతాదు నిండితే ఆ భాగం స్థిరపడి మళ్లీ చెరగదనీ దాని ఊహ. చేత్తో లెక్కించడం కష్టం. లాగర్ అంకెలను ‘చిల్‌ఆర్’ (chillR) అనే ఉచిత కంప్యూటర్ ప్యాకేజీలో వేస్తే మూడు పద్ధతుల లెక్కా ఒకేసారి వస్తుంది. కంప్యూటర్ తెలిసిన వ్యవసాయ కళాశాల విద్యార్థి సాయం తీసుకోండి.

ఏ ఏడాది అంకె తీసుకోవాలి? మూడేళ్ల అంకెలుంటే సగటు తీయకండి, అన్నిటికన్నా తక్కువది తీసుకోండి. చెట్టు పాతికేళ్లు ఉంటుంది, దాని ఖర్చు మాత్రం వెచ్చని ఏడాది కూడా ఆగదు.

మామిడికి, లిచీకి వేరే కాగితం పెట్టుకోండి:

- నవంబరు నుంచి జనవరి వరకు కనిష్ఠం 18 కన్నా తక్కువైన రాత్రులు ఎన్ని
- అందులో 15 కన్నా తక్కువైనవి ఎన్ని, అవి వరుసగా వచ్చాయా, విడివిడిగా వచ్చాయా
- పూత విప్పే రోజుల్లో మంచు, మబ్బు, వాన పడిన తేదీలు

మామిడిలో ఒక మెలిక ఉంది. పూతను పిలిచేదీ చలే, పూత విప్పాక చెడగొట్టేదీ చలే. పూలు విచ్చే సమయంలో రాత్రులు మరీ చల్లగా ఉంటే పుప్పొడి సరిగా పనిచేయదు. టెంక నిండని గోలీకాయలు గుత్తులుగా వేలాడి రాలిపోతాయి.

## 4. రకం అవసరాన్ని మీ అంకె పక్కన రాయండి

మీ అంకె చేతిలో ఉంటే ఇక ఎంపిక సులువు.

- రెడ్ డెలిషియస్ ఆపిల్: వెయ్యి గంటల స్థాయి. కశ్మీరు, హిమాచల్ ఎత్తుల కోసం. మనకు పూర్తిగా కాదు.
- అన్నా ఆపిల్: ఇజ్రాయెల్‌లో పుట్టింది. 200–300 గంటలు.
- డార్సెట్ గోల్డెన్ ఆపిల్: బహామాస్‌లో దొరికిన మొక్క. అన్నాకన్నా తక్కువతో సరిపెట్టుకోగలదు.
- హెచ్.ఆర్.ఎం.ఎన్-99 ఆపిల్: హిమాచల్‌లోని బిలాస్‌పూర్ దిగువ కొండల్లో రైతు హరిమన్ శర్మ ఎంపిక చేసినది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే చోట్ల కూడా నాటుతున్నారు.
- ఫ్లోర్డాప్రిన్స్ పీచ్: సుమారు 150 గంటలు.

ఆపిల్‌లో ఇంకో చిక్కు. పువ్వు తన పుప్పొడినే తిరస్కరించేలా జన్యువులు ఉంటాయి. అన్నా ఒక్కటే నాటితే కాపు పలచగా ఉంటుంది. దాని పక్కన డార్సెట్ గోల్డెన్ ఉండాలి, రెండూ ఒకే వారాల్లో పూయాలి. ఎనిమిది చెట్లకు ఒకటి పుప్పొడి చెట్టుగా లెక్క వేసుకోండి. రెండు చెట్ల పెరడైతే చెరొకటి.

మామిడిలో నీలం, తోతాపురి ఏటా కాసే స్వభావం ఉన్నవి. దశేరి, లంగ్డా, ఆల్ఫాన్సో ఒక ఏడు బాగా కాసి మరో ఏడు తగ్గే రకాలు. ఆ స్వభావం పిల్లలకూ వస్తుంది. దశేరిని నీలంతో సంకరం చేస్తే వచ్చిన ఆమ్రపాలి, మల్లిక ఏటా కాసే గుణాన్ని నీలం నుంచే తెచ్చుకున్నాయి. కన్యాకుమారి వైపు నీలం ఏడాదికి రెండుసార్లు కూడా కాస్తుంది. మన దగ్గర ఒకసారే. జన్యువులు అవే, సంకేతాలు వేరు. పునాస మామిడి మన వాతావరణంలోనే అకాలంలో పూస్తుంది, అది ఆ రకం సొంత గుణం.

అవకాడో కొనేవారు జాతి అడగండి. మార్కెట్లో పేరున్న హాస్‌లో ఎక్కువ పాలు ఎత్తైన ప్రాంతాల గ్వాటెమాలా, మెక్సికో వంశాలది. మండే మైదానాల్లో పూత, పిందె మాడతాయి. వేడి తీరాలకు అలవాటైన వంశం వెస్టిండియన్. హాస్ ధర చూసి మైదానంలో హాస్ నాటడం కన్నా, ధర కొంచెం తగ్గినా వెస్టిండియన్ వంశపు రకం నాటడమే తెలివైన పని.

చలిదేశాల్లో ఉన్నవారికి తప్పు తిరగబడుతుంది. డల్లాస్ చుట్టుపక్కల చలికాలంలో 700 గంటలకు మించి చలి పోగవుతుంది. అక్కడ అన్నా నాటితే దాని అవసరం డిసెంబరు, జనవరి కల్లా తీరిపోతుంది. ఒక వారం వెచ్చబడగానే పూసేస్తుంది, ఆ తర్వాతి మంచుకు పూత నల్లబడుతుంది. అక్కడ 600–800 గంటలు అడిగే రకాలే వేయాలి. తక్కువ చలి రకం అన్ని చోట్లా మంచిదనుకోవడం పొరపాటు. మామిడి అయితే అక్కడ కుండీలోనే. గడ్డకట్టే చలి ముందు లోపలికి తీసుకెళ్లాలి, లేత చెట్టుకు తట్టుకునే జన్యువు లేదు.

## 5. కింది భాగం గురించి ఆలోచించండి

అంటు మొక్కలో రెండు జన్యువుల కట్టలుంటాయి. పండు గుణం, పూసే కాలం పైభాగం చేతిలో. నేల, నీరు, ఉప్పు, సున్నం, వేరుకుళ్లు వేరుమూలం (అంటు కట్టిన కింది మొక్క) చేతిలో. పైరకం ఎంత సరైనదైనా వేరు తప్పయితే చెట్టు అయిదో ఏట చెబుతుంది.

- చీనీకి: రంగపూర్ నిమ్మ వేరు బెట్టకు, ఉప్పుకు ఓర్చుకుంటుంది. జంబేరి తేలిక నేలల్లో జోరుగా పెరుగుతుంది గానీ నీరు నిలిచే నల్లరేగడిలో వేరుకుళ్లుకు లొంగిపోతుంది. చలిని బాగా తట్టుకునే ట్రైఫోలియేట్ వేరు సున్నపు నేలల్లో ఆకు పసుపెక్కి చిక్కిపోతుంది. విదేశీ పేరు చూసి తెప్పించొద్దు.
- ఆపిల్‌కు: ఎం.ఎం.111 బెట్టకు మెరుగు. ఎం.9 పొట్టిది, కర్ర ఊతం, డ్రిప్ తప్పనిసరి. మన ఎండకు మొదటిదే నయం.
- ద్రాక్షకు: ఉప్పునీరు, బెట్ట ఉన్న చోట డాగ్‌రిడ్జ్.
- మామిడికి: మనకు దొరికేది ఎక్కువగా నాటు టెంక మొలకే. ఒకే టెంకలో అనేక మొలకలొచ్చే ఒలూర్, వెల్లైకొలంబన్ లాంటి రకాల టెంకలు దొరికితే వేర్లన్నీ ఒకేలా ఉంటాయి. ఆ గుణం ఒకే ప్రబల జన్యువు వల్ల వస్తుంది. బంగినపల్లి టెంకకు అది లేదు, ఒక్కో మొలక ఒక్కో రకం.

నేలలో సున్నం ఉందా అన్నది ఇంట్లోనే చూడొచ్చు. పొడి మట్టి మీద పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు వేయండి, చేతికి తొడుగు ఉండాలి. బుస్సుమని నురగ వస్తే సున్నం ఎక్కువ. మట్టి పి.హెచ్., నీటి ఇ.సి. (ఉప్పు మోతాదు) మాత్రం ల్యాబులో చూపించండి.

## 6. పది మొక్కలతో మొదలుపెట్టండి

ఎకరం నాటే ముందు రెండు మూడు రకాలు, ఒక్కోటి మూడు నాలుగు మొక్కలు పెట్టి నాలుగేళ్లు చూడటం చాలామందికి ఆలస్యంలా అనిపిస్తుంది. తీసేయాల్సిన తోట ఖర్చుతో పోలిస్తే ఇది చవక. లంబసింగిలో, ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి వైపు కూడా ఆపిల్ మొదట ప్రయోగంగానే వచ్చింది.

ఒక్కో చెట్టుకు నోటు పుస్తకంలో రాయాల్సినవి:

- మొగ్గ విచ్చిన మొదటి తేదీ, సగం మొగ్గలు విచ్చిన తేదీ
- పూత మొదలు, ముగింపు తేదీలు (మూడు వారాలు దాటి సాగితే చలి చాలలేదని అనుమానం)
- కొమ్మ మీద ఎక్కడెక్కడ మొగ్గ విచ్చలేదు
- పిందె నిలిచిన శాతం, కాయ పరిమాణం
- మే నెలలో ఆకు అంచు మాడిన తీరు

అంటు అతుకు నేలకు 8–10 సెంటీమీటర్లు పైనే ఉండాలి. మట్టిలో పూడితే పైభాగమే వేరు తన్ని, మీరు ఎంచుకున్న వేరుమూలం గుణం కరిగిపోతుంది. అంటు కింద వచ్చే పిలకలను ఎప్పటికప్పుడు తుంచేయండి. లేకపోతే రెండేళ్ల తర్వాత మీరు సాకేది నాటు చెట్టునే.

## 7. చలి సరిపోయిందో లేదో కొమ్మతో పరీక్షించండి

ఆపిల్, పీచ్ ఉన్నవారికి ఇది లాగర్ కన్నా నమ్మకం.

1. డిసెంబరు 15 నుంచి పది రోజులకోసారి, ఆ ఏడాది పెరిగిన 30 సెంటీమీటర్ల కొమ్మలు పది కోయండి. ఆకులు తీసేయండి.
2. సీసాలో 5 సెంటీమీటర్ల లోతు నీళ్లలో నిలబెట్టి, 20–25 డిగ్రీలుండే గదిలో వెలుతురు తగిలేలా ఉంచండి.
3. మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి, ప్రతిసారీ కింది చివర అర సెంటీమీటరు కోయండి.
4. పదో రోజున మొగ్గలు లెక్కపెట్టండి. సగానికి మించి పచ్చటి మొన కనిపిస్తే చలి అవసరం తీరింది. కనిపించకపోతే ఇంకా నిద్రలోనే ఉంది.

జనవరి ఆఖరుకు కూడా సగం దాటకపోతే ఆ రకం మీ చోటికి కాదు, లేదా తర్వాతి మెట్టు కావాలి.

## 8. చలి కొంచెం తక్కువైతే ఆకులు రాల్చండి

ఇండోనేషియాలో జావా దీవిలోని బాటు కొండల్లో చలికాలమే లేదు, అయినా ఆపిల్ ఏటా రెండు కాపులిస్తుంది. అక్కడి రహస్యం చేత్తో ఆకులు దూయడం. మొగ్గ గాఢ నిద్రలోకి జారకముందే ఆకులు తీసేస్తే అది మేల్కొని పూస్తుంది. పూమొగ్గ అంతకుముందే కట్టి ఉంటుంది కాబట్టి నష్టం లేదు.

మన చోట చేసే వరుస:

1. డిసెంబరు మొదట్లో నీళ్లు తగ్గించండి. చెట్టు వాడిపోయేంత కాదు.
2. డిసెంబరు చివర నుంచి జనవరి మొదటి వారంలోపు ఆకులన్నీ చేత్తో దూయండి. తొడిమను వెనక్కి లాగకుండా పైకి తుంచండి, మొగ్గ ఊడకూడదు.
3. నిటారు కొమ్మలను తాడుతో అడ్డంగా, నిలువు నుంచి సుమారు 60–70 డిగ్రీల కోణానికి వంచండి. నిటారు కొమ్మలో చివరి మొగ్గ మిగతా వాటిని అణచేస్తుంది.
4. వారం తర్వాత మామూలుగా నీళ్లు మొదలుపెట్టండి.

హైడ్రోజన్ సయనమైడ్ చల్లితే మొగ్గలు ఒకేసారి విచ్చుతాయి. ద్రాక్ష రైతులకు ఇది తెలిసిన మందే. కానీ ఇది విషం. ముట్టుకున్న రోజు, తర్వాత కొన్ని రోజులు మద్యం తాగితే ప్రాణం మీదికి రావచ్చు. పెరటి చెట్లకు అవసరం లేదు.

ఇదే పని మామిడికి చేయకండి. మామిడి పూతకు పిలుపు ఆకులోనే తయారవుతుంది. ముదిరిన ఆకు చలి సంకేతం అందుకుని ఎఫ్.టి. అనే ప్రోటీన్‌ను మొగ్గకు పంపుతుంది. ఆకు దూస్తే పూత బదులు చిగురొస్తుంది. మామిడికి చేయాల్సింది వేరు. సెప్టెంబరు తర్వాత యూరియా వేయకండి, అక్టోబరు నుంచి నీళ్లు ఆపండి. చెట్టు మీద నాలుగైదు నెలల వయసున్న ముదురు రెమ్మలే ఉండాలి. అక్టోబరు తర్వాత చిగురేసిన రెమ్మ ఆ ఏడు పూయదు.

## 9. రకం తప్పని తేలితే చెట్టు నరకొద్దు, పైభాగం మార్చండి

పదిహేనేళ్ల మామిడి చెట్టుకు వేరు బాగుంటే రకం మార్చడమే లాభం.

1. డిసెంబరు–ఫిబ్రవరి మధ్య ప్రధాన కొమ్మలను నేల నుంచి 3–4 మీటర్ల ఎత్తులో కోయండి. ఒకటి రెండు కొమ్మలను ఆకులతో వదిలేయండి, చెట్టుకు తిండి అవే.
2. కోసిన చోట రాగి మందు పేస్ట్ పూయండి. కాండానికి సున్నం కొట్టండి, ఎండకు బెరడు పగలదు.
3. చిగుళ్లు గుంపుగా వస్తాయి. కొమ్మకు బయటివైపు బలంగా ఉన్న నాలుగైదు ఉంచి మిగతావి తీసేయండి.
4. కోరిన రకంలో మూడు నాలుగు నెలల వయసున్న పెన్సిల్ మందం పుల్లలు ఎంచి, వారం పది రోజుల ముందే ఆకులు కోసి తొడిమలు వదలండి. మొగ్గ ఉబ్బుతుంది.
5. జులై–ఆగస్టులో తేమ బాగున్న రోజు, చిగురు లేత కాండాన్ని నిలువుగా 4–5 సెంటీమీటర్లు చీల్చి, పుల్లను రెండు వైపులా ‘V’ ఆకారంలో చెక్కి దించండి. కనీసం ఒక పక్కనైనా బెరడు కింది పచ్చటి పొర, రెండింటిదీ కలవాలి.
6. పాలిథిన్ పట్టీతో గట్టిగా చుట్టండి, పైన చిన్న పాలిథిన్ తొడుగు వేయండి. మొగ్గ విచ్చగానే తొడుగు తీయండి.
7. అతికాక వదిలిన పాత కొమ్మలను మరుసటి ఏడాది తీసేయండి.

ఒక్కో చెట్టుకు పది పదిహేను అంటు కట్టండి. అన్నీ నిలవవు.

## 10. విత్తనం దారి కోరుకునేవారికి

మీ ఊరికే సొంత రకం కావాలంటే మొలకల దారి. ఇది ఓపిక ఉన్నవారికే.

- ఇరుగుపొరుగులో వేడికి, బెట్టకు నిలిచి ఏటా కాసే చెట్ల విత్తనాలనే ఏరండి. తండ్రి చెట్టు తెలియకపోయినా తల్లి నుంచి సగం వస్తుంది.
- మామిడి టెంక ఎండితే మొలవదు. పండు తిన్న నెలలోపే నాటాలి. గట్టి పెంకు తీసి, లోపలి గింజను వంపు భాగం పైకి ఉండేలా పెడితే త్వరగా మొలుస్తుంది.
- యాభైకి తక్కువ మొలకలతో ఆశ పెట్టుకోకండి.
- మొలక కాపుకు అయిదు నుంచి ఎనిమిదేళ్లు పట్టొచ్చు. ఈలోగా ఎండకు మాడినవి, రోగం పట్టినవి నిర్దయగా తీసేయండి.
- మంచిది కనబడితే మళ్లీ విత్తనం నాటకండి. అంటు కట్టండి. విత్తనంలో ఆ కలయిక మళ్లీ రాదు.

## 11. లక్షణం చూసి తప్పు పట్టుకోవడం

కొమ్మ నడుమ బోడిగా, చివర మాత్రమే ఆకుల కుచ్చు: చలి చాలలేదు. ఈ ఏడు ఆకులు దూయడం ఆలస్యమైంది. వచ్చే ఏడు పది రోజులు ముందుకు జరపండి, కొమ్మలు వంచండి. రెండేళ్లు ఇలాగే ఉంటే రకం మార్చండి.

పూత నిండుగా, పిందె సున్నా: ఆపిల్‌లో పుప్పొడి చెట్టు లేదు, లేదా రెండింటి పూత తేదీలు కలవలేదు. నోటు పుస్తకం చూడండి. మామిడిలో అయితే పూత సమయపు చలి, మబ్బు, తేనెమంచు పురుగు చూడండి.

ఆపిల్ పండినా ఎరుపెక్కదు: తొక్కకు రంగునిచ్చే జన్యువు వెచ్చని రాత్రుల్లో నెమ్మదిస్తుంది. ఇది లోపం కాదు. రంగు కోసం ఆగితే కాయ పిండిలా అయిపోతుంది. ఒక కాయ కోసి గింజ గోధుమరంగులోకి తిరిగిందా, రుచి వచ్చిందా చూసి కోయండి.

లేత ఆకు పసుపు, ఈనెలు మాత్రం పచ్చ: సున్నపు నేల, వేరుమూలం పొసగలేదు. ఇనుము చీలేట్ పిచికారీతో తాత్కాలికంగా సర్దుకుంటుంది. పది శాతం చెట్లు దాటితే తర్వాతి నాటుకు వేరుమూలమే మార్చాలి.

మొదటి ఏప్రిల్‌లోనే కాండం దక్షిణ పడమర వైపు బెరడు పగులు: నీడ లేకుండా నాటారు. సున్నం కొట్టి, రెండు ఎండాకాలాలు వరిగడ్డి గానీ నీడ వల గానీ కట్టండి. పగులులో పురుగు చేరితే చెక్కి రాగి పేస్ట్ పూయండి.

అంటు పైన జోరు లేదు, కింద నుంచి వేరే ఆకులు: పిలక గెలిచింది. దాన్ని మొదలంటా చీల్చి తీయండి. పైభాగం ఎండిపోయి ఉంటే ఆ పిలకనే ఉంచుకుని, వచ్చే జులైలో దాని మీదే సరైన రకం అంటు కట్టండి. వేరు అప్పటికే పాతుకుంది కాబట్టి కొత్త మొక్కకన్నా అదే ముందు కాస్తుంది.